దిగాక దారి తప్పితే



2024 ఫిబ్రవరి 11, ఆదివారం పొద్దున. అమృత్‌సర్ నుంచి బయల్దేరిన ఇండిగో విమానం ఢిల్లీలో దిగింది. ఆకాశంలో ఏ ఇబ్బందీ లేదు, చక్రాలు నేలకు ఆనేటప్పుడూ ఏ ఇబ్బందీ లేదు. ఇక రన్‌వే మీది నుంచి పక్కకు మళ్లి, టాక్సీవే పట్టుకుని, ప్రయాణికులను దింపే చోటికి పోవడమే మిగిలింది. మళ్లాల్సిన మలుపు తప్పింది. విమానం అట్లాగే ముందుకు పోయి రన్‌వే చివర ఆగింది. అక్కడి నుంచి ముందుకు దారి లేదు, విమానం తనంతట తాను వెనక్కి నడవదు. ఇంజన్లు ఆపుకుని కూర్చోవాల్సి వచ్చింది. లాగుడు బండి వచ్చి దాన్ని తీసుకుపోయేదాకా, దాదాపు పావుగంట సేపు, దేశంలోనే అత్యంత రద్దీ విమానాశ్రయంలో ఒక రన్‌వే మూతపడింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. మర్నాడు పేపర్లలో చిన్న వార్త వచ్చింది, అంతే. చదివిన వాళ్లలో చాలామందికి వచ్చిన సందేహం ఒకటే: పదివేల మీటర్ల ఎత్తున, గుర్తుగా ఒక చెట్టు కూడా లేని చోట దారి తప్పకుండా వచ్చిన మనిషి, నేల మీదకొచ్చి, కళ్ల ముందు గీతలూ లైట్లూ బోర్డులూ ఉండగా ఎట్లా తప్పాడు? ఇవాళ మాట్లాడుకునేది దాని గురించే.

సిద్దిపేటలో కూర్చుని విమానాల ముచ్చటేమిటని అనుకోవచ్చు. నిజమే, మనకు విమానాశ్రయం లేదు. రైలు కూత విన్నదే 2023 అక్టోబరు 3న. కానీ సిద్దిపేట, దుబ్బాక, హుస్నాబాద్ ఊళ్లలో ఏ వాడకు పోయినా దుబాయ్‌కో మస్కట్‌కో రియాద్‌కో పోయినవాళ్ల ఇల్లు ఒకటి తగులుతుంది. ఈమధ్య అమెరికా పోయిన పిల్లల ఇళ్లూ పెరిగాయి. రాత్రి రెండింటికి శంషాబాద్ చేరే విమానం కోసం సాయంత్రమే కారు మాట్లాడుకుని రాజీవ్ రహదారి ఎక్కే కుటుంబాలు మనవి. విమానం దిగడమంటే ఏమిటో మనకు బయట నిలబడి ఎదురుచూసేవాళ్ల వైపు నుంచి బాగా తెలుసు. లోపల, ముందు సీట్లలో కూర్చున్న ఇద్దరి వైపు నుంచి అది ఎట్లా ఉంటుందో కాస్త చూద్దాం.

మొదట నేల ఎట్లా ఉంటుందో చెప్పాలి. విమానాశ్రయంలో దారులు రెండు రకాలు. ఎగరడానికీ దిగడానికీ వాడేది రన్‌వే. దాన్నుంచి పార్కింగ్ దాకా, పార్కింగ్ నుంచి దాని దాకా నడిచే దారులు టాక్సీవేలు. రన్‌వేకు అంకెలతో పేరు పెడతారు, టాక్సీవేకు అక్షరాలతో. అక్షరాల్లో మూడింటిని వాడరు: ఐ, ఓ, ఎక్స్. ఐ ఒకటిలా కనబడుతుంది, ఓ సున్నాలా కనబడుతుంది, ఎక్స్ గుర్తు వేస్తే ఆ దారి మూసేశారని అర్థం. పేరు దగ్గరే ఇంత జాగ్రత్త పడ్డారంటే, పేరు తికమకపడి ఏమేం జరిగాయో ఊహించుకోవచ్చు.

పక్కన నిలబెట్టిన పలకలకు రంగుల లెక్క ఉంది. నల్ల పలక మీద పసుపు అక్షరం ఉంటే, ఇప్పుడు నువ్వున్న దారి ఇది అని. పసుపు పలక మీద నల్ల అక్షరమైతే, ముందు వచ్చే దారి ఫలానా, అటు మళ్లాలి అని. ఎర్ర పలక మీద తెల్ల అంకెలు కనబడితే ముందున్నది రన్‌వే, అనుమతి లేకుండా అడుగు వేయొద్దని. రాత్రయితే లైట్లు మాట్లాడతాయి. టాక్సీవే అంచులకు నీలం, నడిమి గీతకు ఆకుపచ్చ. రన్‌వే అంచులకు తెలుపు.

వీటన్నిటిలో నాకు ముచ్చటగా అనిపించేది రన్‌వే వాకిట్లో నేల మీద గీసే పసుపు గీతల వరుస. అడ్డంగా నాలుగు గీతలుంటాయి. రెండు నిండు గీతలు, వాటి పక్కనే రెండు తెగిన గీతలు. ఎగరడానికి వచ్చే విమానానికి ముందుగా నిండు గీతలు ఎదురవుతాయి. కంట్రోల్ టవర్ సరేననేదాకా అవి దాటరాదు. దిగి బయటికొచ్చే విమానానికి ముందుగా తెగిన గీతలు ఎదురవుతాయి. అది ఆగకూడదు. ముక్కు దాటితే చాలదు, తోక కూడా పూర్తిగా గీతలు దాటేదాకా పోవాలి. లేకపోతే వెనక దిగబోయే విమానానికి ఈ తోక అడ్డం. ఒకే గీతలు ఒకరికి ఆగమని, ఇంకొకరికి ఆగొద్దని చెబుతాయి. పక్కన మనిషి నిలబడి చెప్పాల్సిన పని లేదు. ఇంత తెలివిగా గీసిన గీతలు కూడా మంచులోనో వానలోనో కనబడకపోతే ఎందుకూ పనికిరావు. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఇప్పుడు కాక్‌పిట్‌లోకి. విమానం దిగిన మొదటి రెండు మూడు నిమిషాల్లో పైలట్లకు ఎన్ని పనులుంటాయో బయటివాళ్లకు తెలియదు. గంటకు రెండువందల యాభై కిలోమీటర్ల వేగంతో నేలను తాకిన దాన్ని మనిషి పరుగంత వేగానికి తేవాలి. ఏ మలుపులో బయటికి పోవాలో అప్పటికప్పుడు తేల్చుకోవాలి. అనుకున్న మలుపు దగ్గరికి వేగం తగ్గకపోతే దాన్ని వదిలి తర్వాతి మలుపు తీసుకోవాలి. అక్కడే మొత్తం లెక్క మారిపోతుంది, ఎందుకంటే ముందుగా విమానాశ్రయం మ్యాప్‌లో చూసి పెట్టుకున్న దారి ఇక పనికిరాదు. అదే సమయంలో టవర్ వాళ్లు వేరే ఫ్రీక్వెన్సీకి మారమంటారు. కో-పైలట్ రేడియో మారుస్తాడు, రెక్కల వెనక దించిన ఫ్లాప్‌లు ఎత్తుతాడు, లైట్లు ఆర్పుతాడు, చెక్‌లిస్ట్ చదువుతాడు. కొత్త ఫ్రీక్వెన్సీలో గ్రౌండ్ కంట్రోల్ మాటలు మొదలవుతాయి: ఫలానా దారిలో ఎడమకు, తర్వాత ఫలానా దారిలో కుడికి, ఫలానా రన్‌వే ముందు ఆగు, ఫలానా నంబరు పార్కింగ్ బేకు పో. ఇదంతా ఒక్క ఊపిరిలో. కో-పైలట్ తల వంచుకుని రాసుకుంటాడు. ఆ క్షణంలో బయట చూసే కళ్లు ఇద్దరివి కావు, ఒక్కరివే.

దీనికి తోడు మనసు చేసే పని ఒకటుంది. పది గంటలు పట్టుకున్న పట్టు దిగగానే సడలుతుంది. కష్టమైన భాగం అయిపోయిందని ఒంటికి తెలుస్తుంది. మనుషులందరికీ ఇంతే, పైలట్లు వేరే మట్టితో చేసినవాళ్లు కాదు. అందుకే అమెరికాలో 1981లోనే ఒక నిబంధన తెచ్చారు: పదివేల అడుగుల కిందా, నేల మీద నడిచేటప్పుడూ కాక్‌పిట్‌లో పనికి సంబంధం లేని మాట మాట్లాడరాదని. నేల మీద నడకను కూడా అందులో కలపడం గమనించండి. అది తీరిక సమయం కాదని వాళ్లకు నలభై ఏళ్ల కిందే అర్థమైంది.

ఇంకో సంగతి, ఎత్తు. పెద్ద విమానంలో పైలట్ కూర్చునే చోటు రెండంతస్తుల మేడ మీద కూర్చున్నట్టే. ముక్కు కింద నేల కొంత మేర కనబడదు. ముందు చక్రం అతని సీటు వెనకాల ఉంటుంది కాబట్టి మలుపులో ముక్కు గడ్డి మీదికి పోతున్నట్టు కనబడినా చక్రం ఇంకా దారి మీదే ఉంటుంది. అది అలవాటయ్యేదాకా గుండె ఆగినంత పనవుతుందట. రెక్కల కొసలు చాలా విమానాల్లో కూర్చున్న చోటి నుంచి సరిగ్గా కనబడనే కనబడవు. బోయింగ్ 737 చిన్న విమానం కిందే లెక్క. దాని రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 36 మీటర్లు. తన కంటికి కనబడని రెక్కను పైలట్ ఆ పసుపు గీతను నమ్ముకునే నడుపుతాడు. ముందు చక్రం గీత మీద ఉంటే రెక్కకు ఏదీ తగలదన్నది కట్టినవాళ్లు ఇచ్చిన మాట.

రెక్కకు ఏదైనా తగిలితే ఏమవుతుందో మన తెలుగు నేల మీదే చూశాం. 2021 ఫిబ్రవరి 20, గన్నవరం. దోహా నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం, 64 మంది ప్రయాణికులతో, విజయవాడలో దిగి అక్కడి నుంచి తిరుచ్చి పోవాలి. దిగడం బాగానే దిగింది. పార్కింగ్ వైపు నడుస్తుండగా రెక్క పోయి విద్యుత్ దీపాల స్తంభానికి తగిలింది. స్తంభం ఒరిగింది, రెక్క దెబ్బతింది. లోపలున్నవాళ్లందరూ క్షేమం. గల్ఫ్ నుంచి వస్తున్న వాళ్లకు, సముద్రాలు దాటి వచ్చి ఇంటి గుమ్మంలో కాలు తడబడ్డట్టయింది. టీవీల్లో ఆ రోజంతా విమాన ప్రమాదం అనే పెద్ద అక్షరాలు తిరిగాయి. నిజానికి అది విమానం ఎగరడానికి సంబంధించిన ప్రమాదం కానే కాదు, నడకకు సంబంధించినది.

ఇప్పటిదాకా చెప్పినవి ఇబ్బంది పెట్టి వదిలేసినవి. ఇకముందు చెప్పేది వెంట్రుకవాసిలో తప్పింది. ఈ విషయం మీద ఎవరు పాఠం చెప్పినా ఈ కథ చెప్పక తప్పదు, అందుకని కొంచెం నిదానంగా చెబుతాను.

1999 డిసెంబరు 6. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ విమానాశ్రయం. రాత్రి, దట్టమైన మంచు. టవర్ మీది కంట్రోలర్‌కు కింద ఏమీ కనబడటం లేదు. నేల మీది విమానాలను చూపించే రాడార్ అక్కడ లేదు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వాళ్ల 1448 నంబరు విమానం, బోయింగ్ 757, దిగింది. ఫలానా టాక్సీవేల మీదుగా టెర్మినల్‌కు రమ్మని కంట్రోలర్ చెప్పింది. మంచులో పైలట్లు ఒక మలుపు తప్పారు. వేరే టాక్సీవే పట్టుకుని నడిచారు. ఆ దారి తిరిగి తిరిగి వాళ్లను ఇందాక తాము దిగిన రన్‌వే మీదికే తెచ్చింది. అది వాళ్లకు తెలియదు. కంట్రోలర్‌కు అసలే తెలియదు. ఆమె అదే రన్‌వే మీద ఫెడెక్స్ సరుకు విమానానికి ఎగరడానికి అనుమతి ఇచ్చింది.

యునైటెడ్ పైలట్లకు ఏదో తేడా కొడుతోంది. తామెక్కడున్నామో రేడియోలో చెప్పారు. చెప్పిన పేరు తప్పు. ఎందుకు తప్పిందో చూడండి. రన్‌వే పేరు దిక్సూచి డిగ్రీల నుంచి వస్తుంది, చివరి సున్నా తీసేస్తారు. శంషాబాద్‌లో తూర్పుకు ముఖం పెడితే 09, అదే దారి మీద పడమటికి ముఖం పెడితే 27. పక్కపక్కన రెండు దారులుంటే కుడి, ఎడమ అని చేరుస్తారు. ఒకవైపు నుంచి కుడిదైనది ఆవలి వైపు నుంచి ఎడమదవుతుంది. ప్రావిడెన్స్‌లో వాళ్లు దిగింది 5 కుడి మీద. దాన్నే ఆ కొస నుంచి చూస్తే 23 ఎడమ. మంచులో నిలబడ్డ పైలట్ తామున్నది 23 కుడి అన్నాడు. అది పక్కనున్న రెండో రన్‌వే, ఆ రాత్రి దాన్ని వాడటం లేదు. కంట్రోలర్ మనసు కుదుటపడింది. వాళ్లు వాడకంలో లేని రన్‌వే మీద ఉన్నారు, పర్వాలేదు అనుకుంది.

అంతలో మంచులోంచి హోరుమంటూ ఒక విమానం వాళ్ల దగ్గర్లోంచి లేచిపోయింది. అది ఫెడెక్స్. ఇప్పుడే ఎవరో ఎగిరిపోయారు అని యునైటెడ్ పైలట్లు రేడియోలో చెప్పారు. కంట్రోలర్ నమ్మలేదు. మీరున్నది వాడే రన్‌వే కాదు అంటూనే ఉంది. ఆ మాటలన్నీ వింటూ రన్‌వే మొదట్లో ఇంకో విమానం ఎగరడానికి సిద్ధంగా ఉంది, యుఎస్ ఎయిర్‌వేస్ వాళ్ల మెట్రోజెట్. ఆమె దానికి కూడా అనుమతి ఇచ్చింది: పోవచ్చు, ఎగరండి.

మెట్రోజెట్ పైలట్ పోనన్నాడు.

అతనికి ఏం జరుగుతోందో పూర్తిగా తెలియదు. రన్‌వే అతనికీ కనబడటం లేదు. తెలిసిందల్లా, ఎక్కడో ఒక విమానం దారి తప్పి ఉంది, అది ఎక్కడుందో దానికీ తెలియదు, టవర్‌కూ తెలియదు. ఆ విమానం సంగతి తేలేదాకా మేం ఏ రన్‌వే జోలికీ రాము అన్నాడు. యునైటెడ్ గేటుకు చేరాకే అతను కదిలాడు.

ఆ రాత్రి ఎవరూ చనిపోలేదు. అందుకే ఆ మెట్రోజెట్ పైలట్ పేరు ప్రపంచానికి తెలియదు. విమానాన్ని నదిలో దింపినవాళ్ల మీద సినిమాలు వస్తాయి. అనుమతి ఇచ్చినా కదలకుండా కూర్చున్నవాడి మీద సినిమా ఎవరు తీస్తారు? కానీ నన్నడిగితే ఈ మొత్తం కథలో అతను చేసిందే పెద్ద పని. అందరూ తొందరపడుతున్నప్పుడు, పైవాళ్లు పొమ్మంటున్నప్పుడు, నాకు నమ్మకం లేదు కాబట్టి ఆగుతాను అన్నాడు.

దారి తప్పిన పైలట్‌దే తప్పంతా అని ఇప్పటికే మీరు తీర్మానించి ఉంటే, ఇటలీలోని మిలాన్ నగరానికి రండి. లినాటే విమానాశ్రయం, 2001 అక్టోబరు 8. మళ్లీ మంచు. ఒక చిన్న సెస్నా జెట్ ఎగరడానికి బయల్దేరింది. దాన్ని ఆర్5 అనే టాక్సీవే మీద రమ్మన్నారు. అది ఆర్6 మీదికి మళ్లింది. అక్కడి గుర్తులు అరిగిపోయి, బోర్డులు అరకొరగా ఉన్నాయి. మధ్యలో పైలట్ నేల మీద రాసి ఉన్న ఎస్4 అనే గుర్తు చూసి, ఎస్4 దగ్గరికి వస్తున్నాం అని చెప్పాడు. కంట్రోలర్‌కు ఎస్4 అంటే ఏమిటో తెలియదు. అట్లాంటి గుర్తు ఒకటి తన విమానాశ్రయంలో ఉందన్న సంగతే తెలియదు. సరే, రమ్మన్నాడు. సెస్నా పోయి పోయి నడి రన్‌వే మీద తేలింది. అటునుంచి స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ వాళ్ల ఎండీ-87 విమానం ఎగరడానికి పరుగు తీస్తోంది. మొత్తం 118 మంది చనిపోయారు, వాళ్లలో నలుగురు కింద సామాన్ల షెడ్డులో పనిచేసుకుంటున్నవాళ్లు. నేల రాడార్ అప్పటికి పనిచేయడం లేదు. పాతది తీసేశారు, కొత్తది వాడకంలోకి రాలేదు.

పైలట్ తప్పు మలుపు తీసుకున్నాడు, కాదనలేం. కానీ నేల మీద ఉన్న గుర్తు నేలను చూసుకునేవాడికే తెలియని చోట, దారి తప్పింది ఎవరని చెప్పాలి? ఆ కేసులో విమానాశ్రయం, కంట్రోల్ వ్యవస్థల్లో పనిచేసినవాళ్లు కోర్టు మెట్లెక్కారు, శిక్షలు పడ్డాయి. నాకు న్యాయంగానే అనిపించింది.

కంట్రోలర్ దగ్గరే పొరపాటు జరిగి, దిగి నడుస్తున్న పైలట్ దాన్ని పట్టుకున్న ఘటన మన దేశంలోనే ఉంది. 2023 ఆగస్టు 23, ఢిల్లీ. అహ్మదాబాద్ నుంచి వచ్చిన విస్తారా విమానం దిగి, పార్కింగ్‌కు పోవడానికి పక్క రన్‌వే దాటాలి. దాటమని అనుమతి వచ్చింది. అదే సమయానికి బాగ్డోగ్రా పోయే ఇంకో విస్తారా విమానానికి ఆ పక్క రన్‌వే మీద ఎగరడానికి అనుమతి వెళ్లింది. దిగిన విమానం కెప్టెన్ సోను గిల్ తల తిప్పి చూసింది. ఎదురుగా విమానం కదులుతోంది. రేడియోలో వెంటనే హెచ్చరించింది, ఎగరబోతున్న విమానాన్ని ఆపారు. అనుమతి చేతిలో ఉన్నా దాటేముందు రెండువైపులా చూడమని బడిపిల్లలకు చెప్పే మాటే అక్కడ పనికొచ్చింది. ఆ కంట్రోలర్‌ను డ్యూటీ నుంచి తప్పించారు. విచారణ జరిగేటప్పుడు తప్పించడం మామూలే. కానీ మన దగ్గర వార్త అక్కడే ముగిసిపోతుంది. అన్ని విమానాలను ఒక్కరే ఎందుకు చూడాల్సి వచ్చింది, డ్యూటీ చేతులు మారేటప్పుడు ఏ మాట జారిపోయింది, ఇవి అడిగేవాళ్లు తక్కువ.

గల్ఫ్ దారి ఎరిగినవాళ్లకు రియాద్ సంగతి కూడా చెప్పాలి. 2018 ఆగస్టులో జెట్ ఎయిర్‌వేస్ విమానం అక్కడి నుంచి ముంబై రావాల్సింది, రన్‌వే అనుకుని టాక్సీవే మీద ఎగరడానికి పరుగు మొదలుపెట్టింది. ఆపగలిగారు, విమానం దారి దిగి ఆగింది, ప్రాణాలకు ముప్పు రాలేదు. ఆ మరుసటి నెలలోనే ఎయిర్ ఇండియా విమానం మాల్దీవుల రాజధాని మాలేలో ఇంకా కడుతున్న రన్‌వే మీద దిగింది. రెండింటిలోనూ వెడల్పుగా, పొడుగ్గా, తిన్నగా ఒక దారి కనబడింది. ఉండాల్సింది రన్‌వే కాబట్టి కంటికి అది రన్‌వేలాగే కనబడింది. మనసు ఏది చూడాలనుకుంటే కన్ను దాన్నే తెచ్చిపెడుతుంది. ఎదురుగా కాదని చెప్పే గుర్తులు ఉన్నా వాటికి ఏదో ఒక సమాధానం చెప్పుకుంటుంది: లైట్లు మార్చారేమో, బోర్డు తీసేశారేమో అని. అలసిన మనిషికి ఈ సమాధానాలు మరీ తేలిగ్గా దొరుకుతాయి.

మన శంషాబాద్ విషయానికి వస్తే, 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలన్నీ అక్కడికి మారాయి. పెద్ద రన్‌వే పొడవు 4260 మీటర్లు. దాని పక్కనే రెండోది, 3707 మీటర్లది. ఈ రెండోది మొదట టాక్సీవేగా కట్టిన దారి. పెద్ద రన్‌వేకు మరమ్మతు వచ్చినప్పుడు విమానాలు ఆగిపోకుండా దాన్ని రన్‌వేగా వాడుకునేలా తీర్చిదిద్దారు. ఖర్చు తక్కువలో మంచి ఉపాయమే. కానీ బయటి దేశపు పైలట్ వైపు నుంచి చూడండి: పోయినసారి వచ్చినప్పుడు తాను నడిచిన దారి మీద ఈసారి దిగాలి. అందుకే ఏ రోజు ఏ దారి ఏ పనికి వాడుతున్నారో ముందుగా నోటీసులిస్తారు. ప్రతి పైలట్ ఎగరకముందే వాటిని చదవాలి. ఆ నోటీసులు పేజీలకు పేజీలుంటాయి. గడ్డి కోస్తున్నారన్న సంగతీ, రన్‌వే మూసేశారన్న సంగతీ ఒకే రకం అక్షరాల్లో పక్కపక్కనే ఉంటాయి. ఇది ప్రపంచమంతా ఉన్న జాడ్యం. రాసేవాళ్లకు తప్పించుకునే వీలు, చదివేవాళ్లకు వెతుక్కునే బాధ.

మరి దారి తప్పానని అనుమానం వస్తే పైలట్ ఏం చేయాలి? పుస్తకంలో ఉన్నది చాలా సులువు. ఆగు. ఆగి, నేనెక్కడున్నానో నాకు తెలియడం లేదు అని చెప్పు. రన్‌వే మీద ఉన్నావేమోనని అనుమానం ఉంటే ఆ మాట అన్నిటికంటే ముందు చెప్పు. అప్పుడు కంట్రోలర్ ఒక్కో మలుపూ ఒక్కోటిగా చెబుతూ తీసుకుపోతాడు, లేదంటే వెనకాల నా వెంట రా అని రాసుకున్న జీపును పంపుతారు. విమానం ఆ జీపు వెనక నడుస్తుంది. రాజీవ్ రహదారి మీద పోవాల్సిన బయటి లారీ పొరపాటున పాత బస్టాండు వైపు దూరితే, మనవాడు ఎవడో బైకు మీద ముందు పోతూ దారి చూపిస్తాడు కదా, అదే పద్ధతి.

సులువైన ఈ పని ఎందుకు కష్టమవుతుంది? లారీ డ్రైవర్‌కు అడగడంలో నామోషీ లేదు. నాలుగు బంగారు పట్టీలు భుజాన వేసుకున్న కెప్టెన్‌కు ఉంటుంది. రేడియోలో చెప్పే మాట ఒక్క కంట్రోలర్ వినడు, ఆ ఫ్రీక్వెన్సీలో ఉన్న ప్రతి విమానం వింటుంది, తన కంపెనీ వాళ్లూ వింటారు. పక్కన కూర్చున్న కో-పైలట్‌కు ముందే అనుమానం వచ్చి ఉంటుంది. ఇరవై ఏళ్ల అనుభవమున్న పెద్దాయనకు, సార్, మనం తప్పు దారిలో ఉన్నామేమో అని చెప్పాలా వద్దా అని లోపల తన్నుకుంటాడు. పెద్దలకు ఎదురు చెప్పకూడదని పెంచిన ఇళ్లలోంచి వచ్చిన పిల్లలకు ఇది ఇంకా కష్టం. ఇప్పుడు పైలట్లకు ఇచ్చే శిక్షణలో ఇట్లా నోరు విప్పడం నేర్పడానికే గంటలు కేటాయిస్తున్నారు. అది నేర్చుకోవాల్సింది చిన్నవాడొక్కడే కాదు, వినడం నేర్చుకోవాల్సింది పెద్దవాడు.

పనిముట్లు కూడా వచ్చాయి. కాక్‌పిట్‌లో ట్యాబ్ మీద విమానాశ్రయం బొమ్మా, దాని మీద తమ విమానం గుర్తు కదలడమూ ఇప్పుడు కనబడతాయి. పెద్ద విమానాశ్రయాల్లో నేల రాడార్ ఉంది. రన్‌వే ముందు అడ్డంగా ఎర్ర దీపాల వరుస పెట్టి, అవి ఆరేదాకా ఎవరు ఏం చెప్పినా దాటొద్దనే ఏర్పాటు ఉంది. అమెరికాలో 2010 నుంచి ఎన్ని రన్‌వేలు దాటాల్సి ఉంటే అన్నిటికీ విడివిడిగా అనుమతి ఇవ్వాలి. తరచూ తికమకపడే కూడళ్లను మ్యాప్‌లో ప్రత్యేకంగా గుర్తు పెట్టి చూపిస్తారు. ఇన్ని ఉన్నా 2024 జనవరి 2న టోక్యో హనేదాలో కోస్ట్‌గార్డ్ విమానం అనుమతి లేకుండా రన్‌వే మీదికి వచ్చి నిలబడింది, దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం దాన్ని ఢీకొంది. ప్రయాణికుల విమానంలో ఉన్న 379 మందీ మంటల్లోంచి బయటపడ్డారు, సామాన్లన్నీ లోపలే వదిలేసి. చిన్న విమానంలో ఉన్న ఆరుగురిలో ఐదుగురు పోయారు.

మన దగ్గర త్వరలో ఈ లెక్కలన్నీ కొత్తగా వేసుకోవాల్సిన చోటు ఒకటుంది. వరంగల్ దగ్గర మామునూరు, నిజాం కాలం నాటి పాత విమానాశ్రయం. దాన్ని మళ్లీ తెరవడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఒప్పుకుంది. అది పూర్తయితే సిద్దిపేట నుంచి కూడా కొందరు అటే పోతారు. చిన్న విమానాశ్రయాల్లో ఖర్చు తగ్గించుకోవడానికి చాలాసార్లు రన్‌వేకు సమాంతరంగా టాక్సీవే కట్టరు. దిగిన విమానం రన్‌వే చివర తిరిగి, అదే రన్‌వే మీద ఎదురు నడిచి రావాలి. అందులో ఎంత ముప్పుందో చూడండి: 1977 మార్చి 27న టెనరిఫే దీవిలో టాక్సీవే నిండా విమానాలు నిలిచిపోయి, రెండు జంబో జెట్లను మంచులో ఇట్లాగే రన్‌వే మీద ఎదురు నడిపించారు. ఒకటి మలుపు కోసం వెతుక్కుంటూ ఇంకా దాని మీదే ఉండగా రెండోది ఎగరడానికి పరుగు తీసింది. 583 మంది చనిపోయారు. మామునూరు టెర్మినల్ బొమ్మలు ఇప్పటికే ఫోన్లలో తిరుగుతున్నాయి, కాకతీయ తోరణం పెడతారా లేదా అని వాదనలు కూడా జరుగుతున్నాయి. సమాంతర టాక్సీవే మొదటి దశలోనే కడతారా, తర్వాత చూద్దామంటారా అని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ అడగగా నేను వినలేదు. మీకు తెలిసిన ఇంజనీర్లో, ప్రజాప్రతినిధులో ఎదురైతే ముందు అది అడగండి.